ఈ-స్పోర్ట్స్ జట్టులో వాటా కొనవచ్చా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా ఆఫీసు మిత్రులు కొందరు కలిసి ఒక ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) జట్టులో చిన్న వాటా కొంటున్నారు. అది ఫ్రాంచైజీ లీగ్ కాబట్టి జట్టు కింది స్థాయికి పడిపోదని, లీగ్‌లో దాని స్థానం (స్లాట్) ధర ఏటా పెరుగుతుందని అంటున్నారు. నాలుగేళ్లలో కాలేజీకి వెళ్లే మా అమ్మాయి కోసం దాచిన 40 వేల డాలర్లలో సగం ఇందులో పెట్టవచ్చా?

జవాబు: వద్దండి. మీ మిత్రులు చెప్పిన మొదటి మాట నిజమే. ఫ్రాంచైజీ లీగ్‌లో వరుసగా ఓడినా స్థానం పోదు. కానీ ఆ స్థానం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. క్రికెట్ అనే ఆటకు యజమాని లేడు. వీడియో గేమ్‌కు మాత్రం యజమాని ఉన్నాడు, లీగ్ నడపాలా ఆపాలా అన్నది ప్రధానంగా ఆ కంపెనీ లాభనష్టాలను బట్టే తేలుతుంది. కాబట్టి స్లాట్ కొన్నవారికి దక్కేది ఆ కంపెనీ ఒప్పందం ఉన్నంతకాలం ఆడే హక్కు మాత్రమే.

ఓవర్‌వాచ్ అనే వీడియో గేమ్ లీగ్ చరిత్ర మీకు దగ్గరిదే, ఎందుకంటే డాలస్ ఫ్యూయెల్ అందులోని జట్టే. 2018 జనవరిలో 12 జట్లతో లీగ్ మొదలైనప్పుడు ఒక్కో స్థానానికి 2 కోట్ల డాలర్లు అడిగారని వార్తలు వచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ వంటి అనుభవజ్ఞులే కొన్నారు. మరుసటి ఏడాది మరో 8 జట్లు అంతకంటే ఎక్కువ ధరకు చేరాయి. పాత యజమానులు తమ ఆస్తి పెరిగిందనుకున్నది ఆ ధర చూసే గాని, జట్టు సంపాదన చూసి కాదు. సొంత ఊళ్లలో మ్యాచ్‌లు పెట్టి టికెట్లు అమ్ముకునే పద్ధతి 2020లో మొదలైన కొద్ది వారాలకే కోవిడ్‌తో ఆగిపోయింది. ఫిలడెల్ఫియాలో అక్కడి జట్టు కోసం 5 కోట్ల డాలర్లతో ప్రకటించిన స్టేడియం కట్టనే లేదు. 2023 చివరకు లీగ్ మూతపడుతూ ఒక్కో జట్టుకు 60 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది, అంటే మొదట అడిగిన ధరలో మూడో వంతు కూడా కాదు.

ఆటగాళ్ల జీతాలు నెలనెలా తప్పవు, రాబడి మాత్రం ఎక్కువగా స్పాన్సర్ల మీదే ఆధారపడుతుంది. టీఎస్‌ఎమ్ అనే ఈ-స్పోర్ట్స్ జట్టు 2021లో క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్‌తో పదేళ్లకు 21 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంటే, ఏడాదిన్నర తిరగకుండానే ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. 2022 జూలైలో దాదాపు 72.5 కోట్ల డాలర్ల విలువతో నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌కు వచ్చిన ఫేజ్ క్లాన్ అనే ఈ-స్పోర్ట్స్ సంస్థను మరుసటి ఏడాదే గేమ్‌స్క్వేర్ అనే మరో కంపెనీ సుమారు 1.7 కోట్ల డాలర్లకు, అదీ షేర్ల మార్పిడిగా, కొనేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. ఇంత పతనంలోనూ ఫేజ్ వాటాదారులకు రోజూ అమ్ముకోగల మార్కెట్ ఒకటి ఉండేది. మీకు ప్రతిపాదించిన ప్రైవేటు వాటాకు అది కూడా ఉండదు, కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలో కొనేవారు దొరకాలి కదా.

పన్ను సంగతీ చూడండి. 20 వేలు పూర్తిగా పోయి, సర్దుబాటుకు ఇతర మూలధన లాభాలేవీ లేకపోతే, ఆ నష్టాన్ని జీతం నుంచి ఏటా 3 వేల డాలర్ల చొప్పునే తగ్గించుకోగలరు. అంటే ఏడేళ్లు పడుతుంది, అప్పటికి మీ అమ్మాయి చదువే పూర్తయిపోవచ్చు.

కాలేజీ సొమ్మును 529 ప్లాన్‌లో (చదువు ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతాలో) ఉంచి, గడువు నాలుగేళ్లే కాబట్టి ఎక్కువ భాగం బాండ్లలో, ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లో పెట్టే ఫండ్లకు మళ్లించండి. ఆట మీద నిజంగా మక్కువ ఉంటే, అత్యవసర నిధిని, రిటైర్మెంట్ పొదుపును ముట్టుకోకుండా, పూర్తిగా పోయినా ఇంట్లో ఏ ఖర్చూ ఆగనంత మొత్తమే పెట్టండి. సంతకానికి ముందు లీగ్‌కూ జట్టుకూ మధ్య ఉన్న ఒప్పందం చూపించమని అడగండి: గడువు ఎప్పటికి ముగుస్తుంది, లీగ్ ఆగిపోతే పరిహారం ఎంత, స్లాట్‌ను అమ్మాలంటే గేమ్ కంపెనీ అనుమతి కావాలా, స్పాన్సర్ సొమ్ము తీసేస్తే గత రెండేళ్ల లెక్కల్లో ఏం మిగిలింది. ఇవి చూపించడానికి వెనుకాడితే చిన్న మొత్తమైనా ఇవ్వకండి.