జీపు పార్టుల కోసం బంగారం కుదువ పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట. మా నాయన కొన్న 1998 మోడల్ మహీంద్రా ఎంఎం 540 ఫోర్‌వీల్ జీపు ఉంది. 2023లో ఆర్సీ రెన్యూవల్ అయిన కొన్నాళ్ళకే పాత ప్యూజో ఇంజిన్ తీసేసి, స్క్రాప్‌లో దొరికిన 2,523 సీసీ మహీంద్రా డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్ ఎక్కించాను. ట్రాలీ తగిలించి కాయలు తోలేదీ, ఆదివారాలు ఫ్రెండ్స్‌తో గుట్టలెక్కేదీ దాని మీదే. ఇంజిన్ మార్పిడికి 1,73,000, తర్వాత ఈ మూడేళ్ళలో రిపేర్లకు 62,000 అయింది. పోయిన నెల డీజిల్ పంపు పోయి జీపు 24 రోజులు షెడ్డులో ఉంది. పంపు షాపులో పని నాలుగు రోజులే. రెండుసార్లు పంపు రిపేరు కిట్టు తప్పుది వచ్చి మిగతా రోజులు తిరగడానికే పోయాయి. ఆరు ట్రిప్పులు బొలెరో పికప్ బాడుగకు పెట్టాను, ట్రిప్పుకు 2,200. ఇప్పుడు మా మెకానిక్ ఒక పాత మహీంద్రా కమాండర్ జీపు చూపించి, ‘85,000కి బండి మొత్తం వస్తుంది, తోటలో పెట్టుకుంటే పదేళ్ళు పార్టుల దిగులుండదు’ అంటున్నాడు. బంగారం కుదువ పెట్టి తీసుకుందామని నేను. జీపు అమ్మేసి ఫైనాన్స్‌లో కొత్త బండి తీసుకుందామని మా ఇంటామె. ఎవరి మాట వినాలి?

జవాబు: కమాండర్ కొనొద్దు, బంగారం కుదువ పెట్టొద్దు. జీపును ఇప్పటికిప్పుడు అమ్మాల్సిన పనీ లేదు. మీ ఇంటామె మాటలో సగం నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీరు పంపిన బిల్లులన్నీ వరసగా పెట్టి చూశాను. 62,000లో పంపు, నాజిళ్ళు కలిపి 28,000. రేడియేటర్, వాటర్ పంపు 11,000. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు 9,500. మిగిలిన 13,500 ఇంజిన్ రబ్బర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, ఇంకా చిల్లర మల్లర పనులు. మూడేళ్ళకు పంచితే నెలకు 1,720 చిల్లర పడింది. పాతికేళ్ళు దాటిన జీపుకు, అదీ గుట్టలెక్కే జీపుకు, ఇదేమంత ఎక్కువ కాదు.

నన్ను ఆపింది బిల్లుల్లో లేని ఆ 13,200 బాడుగ. పంపు చెడిపోయింది సరే, ఏ బండికైనా చెడిపోతుంది. నాలుగు రోజుల పనికి 24 రోజులు ఎందుకు పట్టింది? మీ జీపులో ఉన్నది ఏ పంపో మీకూ తెలియదు, మెకానిక్‌కూ గుర్తు లేదు. ఇంజిన్ మార్చిన బండ్లన్నింటిదీ ఇదే కథ. ఆర్సీలో ఎంఎం 540, ఇంజిన్ ఇంకో బండిది, రేడియేటర్ మరో బండిది, ఫ్యాన్ బెల్టు ఆ రోజు షాపులో ఏది సరిపోతే అది. స్పేర్‌పార్టుల షాపులో కౌంటర్ దగ్గర కుర్రాడు ‘ఏ బండికన్నా?’ అంటాడు. ‘540’ అంటే ఒక పెట్టె తీస్తాడు, ‘డీఐ’ అంటే ఇంకో పెట్టె తీస్తాడు. ఇంటికొచ్చి చూస్తే రెండూ పట్టవు.

అందుకే మీరు మొదట పెట్టాల్సిన పెట్టుబడి ఒక నోటుబుక్కు. నవ్వకండి. ఒక ఆదివారం గుట్టలకు పోవడం మానేసి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకొని జీపు జాతకం రాయండి. ఇంజిన్ నంబరు, పంపు పక్కన రేకు మీద ఉన్న నంబరు, నాజిల్ హోల్డర్ మీద గుద్దిన నంబరు రాయండి. రేకు మీద మడ్డి పట్టి ఉంటే డీజిల్ గుడ్డతో తుడిచి ఫోటో తీయండి. క్రాంక్ బేరింగులు స్టాండర్డ్ సైజా, క్రాంకు రుద్దించాక వేసే టెన్నా, ట్వంటీనా? పిస్టన్ సైజు ఎంత? క్లచ్ ప్లేటు అడ్డంగా ఎన్ని అంగుళాలు, లోపల పళ్ళెన్ని? రేడియేటర్ హోసు ఏ బండిది? బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు చెబితే చాలు, బండి పేరు చెప్పకుండానే ఏ బేరింగుల షాపులోనైనా ఇస్తారు. ఈ పనికి ఒక పూట, మెకానిక్‌కు ఒక రోజు కూలి. పోయిన నెల ఈ పుస్తకం ఉండుంటే ఐదారు రోజుల్లో జీపు రోడ్డెక్కేది.

ఇంజిన్ ఎంపికలో మాత్రం మీరు పొరపాటు చేయలేదు. మీరు తీసేసిన పాత ఇంజిన్ ఎక్స్‌డీపీ 4.90ని మహీంద్రా ప్యూజో లైసెన్సు మీద చేసేది. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), అందుకే ఆ పేరు, 2,112 సీసీ. మంచి ఇంజినే గానీ దానికి హెడ్డు కావాలన్నా, హీటర్ ప్లగ్గులు కావాలన్నా ఇప్పుడు వెతుకులాటే. మీరు ఎక్కించిన 2,523 సీసీ డీఐ కమాండర్, మార్షల్, బొలెరో, పికప్‌లలో ఏళ్ళ తరబడి తిరిగింది. మన జిల్లాలో పాసింజర్లను ఎక్కించుకొని తిరిగిన జీపుల్లో ఎన్నింటిలో ఆ ఇంజిన్ ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని లైనర్లు, పిస్టన్లు, గ్యాస్కెట్లు అనంతపురం ఆటోనగర్లోనే దొరుకుతాయి. ఇక్కడ లేకపోతే బెంగళూరు జేసీ రోడ్డు ఉంది, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. విజయవాడ ఆటోనగర్ నుంచైతే ఆర్టీసీ పార్శిల్‌లో తెప్పించుకోవచ్చు. మారుతి జిప్సీలో 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ వేసుకున్న కుర్రాళ్ళ సంగతి వేరు. ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్, వైరింగ్, కామన్ రైల్ ఇంజెక్టర్లు, అన్నీ ఖరీదైన తలనొప్పులు. పైగా మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ బండ్లే ఆపేసింది. మీకు ఆ బాధ లేదు.

మరి పదేళ్ళకు సరిపడా పార్టులంటూ 85,000 పెట్టి ఏం కొంటున్నట్టు? ఆటోనగర్లో దొరికే ఇంజినే మళ్ళీ కొంటున్నారు. మీ జీపులో నిజంగా ఎక్కడా దొరకనిది ఆ ఇంజిన్‌నూ మీ పాత గేర్‌బాక్సునూ కలిపే ముక్క. లేత్ షాపులో చేయించిన అడాప్టర్ ప్లేటు, వెల్డింగ్ పెట్టించిన ఇంజిన్ మౌంటింగులు, కోసి పొడవు సరిచేసిన ప్రొపెల్లర్ షాఫ్ట్. ఇవి ఆ కమాండర్‌లో ఉండవు, ఏ కమాండర్‌లోనూ ఉండవు. ఆ లేత్ ఆయన రేపు షాపు ఎత్తేస్తే మీ దగ్గర కొలత కూడా ఉండదు. ఈసారి క్లచ్ పనికి గేర్‌బాక్సు దించినప్పుడు ఆ ప్లేటును అట్ట మీద పెట్టి, బోల్టు రంధ్రాలతో సహా గీయించి, మందం వెర్నియర్‌తో కొలిపించి నోటుబుక్కులో పెట్టుకోండి. వీలైతే రెండో ప్లేటు ఇప్పుడే చేయించండి. ఇంకో జత ఇంజిన్ రబ్బర్లు, ఒక ఫ్యాన్ బెల్టు, పైహోసు, కిందిహోసు, రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక క్లచ్ ప్లేటు. ఇంట్లో ఇంతకు మించి దాచక్కర్లేదు. రబ్బరు సామాను మన ఎండలకు బయట పెడితే గట్టిపడి పగులుతుంది, లోపల పెట్టండి.

పార్టుల బండి అంటే నాకు మా మేనమామ గుర్తొస్తాడు. గుత్తిలో ఆయనకు లారీ ఉండేది. దానికి తోడుగా ఇంకో పాత లారీ కొని ఇంటెనక పెట్టాడు. నాలుగేళ్ళలో దాన్నుంచి తీసింది ఒక స్టార్టరు, రెండు రిమ్ములు. వానలకు ఇంజిన్ పట్టేసింది. బానెట్ కింద కోడి గుడ్లు పెట్టేది. చివరికి కిలోల లెక్కన తూకానికి పోయింది. మీ 85,000కి ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే 10,200. రెండేళ్ళు తీర్చకపోతే ఆ కమాండర్ మీకు 1,05,400 పడ్డట్టు. అది తోటలో తుప్పు పడుతుంటే మీ ఇంటామె గాజులు బ్యాంకులో ఉంటాయి. బంగారం మీద తక్కువ వడ్డీకి వచ్చే పంట రుణం ఉంది కదా అనుకుంటున్నారేమో. అది పంటకే వాడండి. సకాలంలో కడితేనే ఆ వడ్డీ రాయితీ. జీపులో పెట్టి గడువు దాటించుకుంటే రెండు విధాలా నష్టం.

ఇప్పుడు మీ ఇంటామె మాట. కొత్త బండికి 8 లక్షల అప్పు, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్ళు అనుకుంటే నెలకు ఈఎంఐ దాదాపు 13,075. మొత్తం మీద వడ్డీయే మూడు లక్షల దగ్గరికి పోతుంది. జీపు చెడిపోయిన 24 రోజులకు మీరు కట్టిన బాడుగ 13,200. అంటే ఒక్క నెల ఈఎంఐ అంత. ఏడాదికోసారి అలా జరిగినా బాడుగే నయం. కాయ అమ్మినప్పుడు ఒక్కసారి డబ్బు వచ్చే ఇంటికి ప్రతి నెల ఐదో తారీఖు ఈఎంఐ అంటే అదో టెన్షన్. అందుకని కొత్త బండి వద్దంటున్నాను. కానీ ఆమె చెబుతున్నది మీరు వినాల్సిన మాటే. కాయ కోతకొచ్చిన వారంలో జీపు మీదే ఆధారపడొద్దు. ఆ రోజుల్లో పికప్ ముందే మాట్లాడి పెట్టుకోండి. కోత ముగిసేదాకా గుట్టలు మానేయండి. ఆదివారం సరదాకు క్లచ్ కాలితే సోమవారం కాయలు ఎవరు తోలాలి?

డబ్బు పక్కన పెట్టే పద్ధతి కూడా మీ రాబడికి తగ్గట్టు ఉండాలి. నెలనెలా ఆర్డీ మీకు కుదరదు. కాయ డబ్బు చేతికొచ్చిన రోజే 30,000 తీసి వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. 24,000 రిపేర్లకు, 6,000 బాడుగకు. మిగిలితే తీయొద్దు, ఇంజిన్ బోరు పనికి వచ్చే రోజు ఒకటుంటుంది. పార్టులకు బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. బిల్లు లేకుండా కొంటే మార్చుకోవడానికి దారుండదు. పంపు సంగతి మరొక్కటి: రోటరీ పంపుకు లోపల నూనెలా పనిచేసేది డీజిలే. ప్లాస్టిక్ క్యానుల్లో తెచ్చి పోసిన డీజిల్లో నీళ్ళుంటే పంపు అరిగిపోతుంది. 28,000 బిల్లుకు కారణం అదేనా అని పంపు షాపాయన్ని అడగండి.

మీ ఉత్తరంలో నేను వెతికి దొరకనిది ఆర్సీ గురించిన మాట. కొత్త ఇంజిన్ నంబరు అందులో ఎక్కించారా? ఎక్కించకపోతే మీ ఖాతాలో అన్నిటికన్నా పెద్ద అప్పు అదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బండి తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడాగా మార్పులు కుదరవని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలు వచ్చింది. ఇన్సూరెన్స్ కాగితంలో పాత నంబరే ఉంటే ప్రమాదం జరిగిన రోజు కంపెనీ మొదట పట్టుకునేది అదే. 2028లో రెన్యూవల్ పరీక్షకు బానెట్ ఎత్తాల్సిందే. అమ్మకం మాటా అంతే. నంబరు కలవని జీపుకు మీరు పెట్టిన 2,35,000లో పైసా కూడా ధర పలకదు.

అదే కంపెనీ ఇంజిన్, అదే డీజిల్, కాబట్టి అడగడానికి మీకు కాస్త బలం ఉంది. స్క్రాప్ షాపు బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్సీ నకలు పట్టుకొని ఈ వారమే ఆర్టీవో ఆఫీసుకు వెళ్ళండి. బ్రోకర్ ద్వారా కాకుండా మీరే ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి. బిల్లు లేదంటే ముందు ఆ షాపు చుట్టూ తిరగండి. దొంగ బండి ఇంజిన్ అని తేలితే జరిమానాతో పోదు, భారతీయ న్యాయ సంహితలో దొంగ సొత్తు గురించిన సెక్షన్ 317 దాకా పోతుంది.

కమాండర్ ఆయనతో బేరం పూర్తిగా తెంచుకోవాల్సిన పని లేదు. బండి మొత్తం వద్దు, మీ నోటుబుక్కులోని నంబర్లతో కలిసే పంపు, సిలిండర్ హెడ్డు మాత్రం విడిగా ఇస్తాడేమో అడగండి. ఇస్తే ఆ రెంటినీ పంపు షాపులో, లేత్‌లో చూపించాకే డబ్బివ్వండి, బంగారం జోలికి పోకుండా చేతిలో ఉన్న నగదుతోనే. ఇవ్వనంటే వదిలేయండి. విప్పేసిన బండి ఆర్సీని 14 రోజుల్లో ఆఫీసుకు అప్పగించాల్సిన బాధ్యత దాని ఓనరుది. బండి మొత్తం కొంటే ఆ పనీ మీ నెత్తినే పడుతుంది.