ఖమ్మంలో కారు అద్దాల చిప్ రిపేరు పెడితే ఇల్లు గడుస్తుందా? విజయవాడ ఆటోనగర్ నుంచి నా జవాబు

ఖమ్మంలో వాటర్ సర్వీసింగ్ పాయింట్‌లో పనిచేస్తున్నానని, లక్షన్నర దాచుకున్నానని రాశారు. ముందు అద్దానికి రాయి తగిలి పడే చిప్‌లు పూడ్చే పని పెట్టుకుంటే ఇల్లు గడుస్తుందా అని అడిగారు. గడుస్తుంది తమ్ముడూ. కానీ బోర్డు పెట్టి కూర్చుంటే గడవదు. చిన్న దెబ్బను బాగు చేయించుకోవచ్చన్న సంగతే మన దగ్గర చాలామందికి తెలియదు. తెలిసేసరికి అది మూరెడు గీత అయిపోయి, అద్దం మార్చడం తప్ప దారి ఉండదు. అందుకే చిప్ చిన్నగా ఉండగానే మీరే దాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి.

నేను ఆటోనగర్‌లో ఒక గ్లాస్ షాపులో పని నేర్చుకుని తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. మొదట్లో గిరాకీ కోసం ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ, క్యాబ్ స్టాండుల చుట్టూ తిరిగాను. మీకు ఆ తిరుగుడు సగం తప్పుతుంది. కడిగి తుడిచిన అద్దం మీద చిప్ కనిపించినట్టు ఇంకెక్కడా కనిపించదు, పైగా ఓనరు పక్కనే నిలబడి ఉంటాడు. టార్చి వేసి చూపించండి. ఆ రోజు చేయించుకోకపోయినా చిప్ మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించి పంపండి. దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఉంటే వారం తర్వాత వచ్చినా పని బాగా కుదురుతుంది. ఒక జాగ్రత్త: చిప్ ఉన్న చోట ప్రెషర్ గన్ కొట్టనివ్వకండి. షాంపూ నీళ్లు బీటలోకి వెళితే ఆ తర్వాత రెజిన్ (బీటలో నింపే పారదర్శకమైన జిగురు ద్రవం) పట్టదు.

మీ ఊళ్లో పనికి కొదవ ఉండదు. గ్రానైట్ లారీలు, సత్తుపల్లి వైపు నుంచి బొగ్గు టిప్పర్లు, పైన పట్టా కప్పకుండా పరుగెత్తే కంకర బండ్లు ఉన్నంతకాలం అద్దాలకు రాళ్లు తగులుతూనే ఉంటాయి.

ఇక అసలు పని. ఏ అద్దం ముట్టుకోవాలో, ఏది వద్దనాలో తెలియడమే ఇందులో సగం పనితనం. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. బయటి పలక మాత్రమే దెబ్బతిని, దెబ్బ రూపాయి బిళ్ల అంత లోపు ఉంటే ధైర్యంగా తీసుకోండి. లోపలి పలక కూడా పగిలినా, గీత అద్దం అంచుదాకా పోయినా వద్దనండి. సరిగ్గా డ్రైవరు కళ్లకెదురుగా ఉన్నదాన్ని కూడా నేను తీసుకోను. ఎంత బాగా పూడ్చినా చిన్న మచ్చ మిగులుతుంది, రాత్రిపూట ఎదుటి బండి లైటు దాని మీద పడి చెదిరితే ప్రమాదం. పక్క అద్దాలు, చాలా కార్లలో వెనక అద్దం టెంపర్డ్ గాజు. అవి పగిలితే పటిక ముక్కల్లా రాలిపోతాయి, రిపేరు మాటే లేదు.

పని మొదలుపెట్టే ముందే ఓనరుతో రెండు మాటలు చెప్పాలి: మచ్చ పూర్తిగా పోదు, పని చేస్తుండగా బీట సాగే అవకాశం కూడా ఉంది, సాగితే నేను డబ్బు తీసుకోను, కానీ అద్దం ఖర్చు నాది కాదు. ఈ మాట విని వెళ్లిపోయేవాళ్లను వెళ్లిపోనివ్వండి. పని అయ్యాక చెబితే మాత్రం గొడవే.

సూదితో గుంటలోని గాజు పొడి తీసేసి, తడి ఉంటే మెల్లగా ఆరబెట్టి, సక్షన్ కప్పులతో బ్రిడ్జి (ఇంజెక్టర్‌ను పట్టి ఉంచే చట్రం) బిగించి, రెజిన్ ఎక్కించే ఇంజెక్టర్ మొనను సరిగ్గా గుంట మీద ఆనించి రెజిన్ చుక్కలు వేస్తాం. మెల్లగా ప్రెషర్ పెట్టి, వదిలి, గాలి బయటికి లాగి, మళ్లీ ప్రెషర్. కారు లోపలి నుంచి చూస్తే చిప్ చుట్టూ నక్షత్రం కాళ్లలా చీలిన గీతలు నల్లగా మెరుస్తుంటాయి. అవి గాలి నిండిన బీటలు. రెజిన్ పాకుతున్నకొద్దీ ఒక్కో కాలూ మధ్య నుంచి చివరిదాకా మాయమవుతూ వస్తుంది. చివరి కాలు కొస కూడా మాయమయ్యేదాకా రెజిన్‌ను గట్టిపరిచే యూవీ (అతినీలలోహిత) లైటు వెలిగించకూడదు. తొందరపడితే ఆ కొస నుంచే రేపు గీత బయల్దేరుతుంది. గట్టిపడ్డాక పైన ఇంకో చుక్క చిక్కటి రెజిన్ వేసి, ఫిల్మ్ పెట్టి, మళ్లీ లైటు చూపించి, బ్లేడును నిలువుగా పట్టి గీకి పాలిష్ చేస్తే అయిపోయినట్టే.

మన ఎండల్లో ఇదంతా నీడలోనే చేయాలి. ఎండలోనూ యూవీ ఉంటుంది కాబట్టి రెజిన్ బీటలోకి దిగకముందే బిగుసుకుపోతుంది. మే నెల మధ్యాహ్నం వచ్చిన కారు అద్దం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే దాని మీద నీళ్లు చల్లకండి, లోపల ఏసీ వేయనివ్వకండి, టక్కున బీట సాగుతుంది. నీడలో ఆపి, ఓనరుకు టీ ఇప్పించి, అద్దం దానంతట అదే చల్లబడేదాకా ఆగండి.

ధర విషయానికొస్తే మా దగ్గర ఒక చిప్‌కు 600 నుంచి 1,000 దాకా తీసుకుంటాం. "ఇన్సూరెన్స్ ఉంది కదా, అద్దమే మార్చుకుంటా" అనేవాళ్లకు లెక్క విడమరిచి చెప్పండి. 1500 సీసీ లోపు కార్లకు క్లెయిమ్‌లో తప్పనిసరిగా సొంతంగా కట్టుకోవాల్సిందే 1,000 ఉంటుంది. దానికి తోడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది మొదటి ఏడాదికి 20 శాతం, అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం. బోనస్ కాపాడే యాడ్ ఆన్ తీసుకోనివాళ్లకు చిప్ రిపేరే లాభం. ఇది నిజంగా వాళ్ల మేలు కోరి చెప్పే మాట, అందుకే నమ్ముతారు.

చిప్‌లతోనే నెలంతా గడవదు, కొన్నాళ్లకు అద్దం మార్చే పని కూడా చేర్చాలి. అది మాత్రం అనుభవం ఉన్నవాళ్ల దగ్గర నేర్చుకున్నాకే. అతికించడానికి ప్రైమర్ (జిగురు గట్టిగా పట్టేందుకు ముందు పూసేది), యురేథేన్ జిగురే వాడాలి. చౌకని సిలికాన్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యాక్సిడెంట్‌లో డ్రైవరు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆ అద్దాన్నే ఆసరా చేసుకుంటుంది, అద్దం ఊడొస్తే మనిషికి దిక్కు లేదు. అద్దం వెనక కెమెరా ఉన్న కొత్త కార్లకు కాలిబ్రేషన్ (కెమెరాను మళ్లీ సరిగ్గా సెట్ చేయడం) చేయాలి, వాటిని షోరూమ్‌కే పంపండి.

లక్షన్నరా ఒక్కసారే పెట్టకండి. ఉద్యోగం మానకుండా, మీ ఓనరుతో మాట్లాడుకుని అక్కడే ఒక మూల మొదలుపెట్టండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఆన్‌లైన్‌లో ఉచితం. టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ బెడద లేదు. తక్కువ పడితే ముద్రా పథకంలోని శిశు రుణం కింద బ్యాంకులో 50,000 దాకా తాకట్టు లేకుండా అడగొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే సిరంజి కిట్లు వ్యాపారానికి పనికిరావు. మంచి బ్రిడ్జి, ఇంజెక్టర్, యూవీ లైటు ఉన్న సెట్ తీసుకోండి. గ్లాస్ షాపుల వెనక పడేసిన పాత ముందు అద్దాలు అడిగి తెచ్చుకుని, వాటికి మీరే దెబ్బలు వేసి, చెయ్యి తిరిగేదాకా పూడ్చండి. సెట్ కొనేముందు రెజిన్ విడిగా ఎక్కడ దొరుకుతుందో, సీసా మీద ఎక్స్‌పైరీ ఎప్పటిదాకా ఉందో అడిగి తెలుసుకోండి.