టెక్ సందేహాలు: పాత వాల్ష్ స్పీకర్‌ను బాగు చేయించాలా?

ప్రశ్న: నా దగ్గర వాల్ష్ డిజైన్‌తో చేసిన ఓమ్ ఎఫ్ స్పీకర్ల పాత జత ఉంది. వాల్యూమ్ పెంచితే ఒకటి గరగరమంటోంది. బాగు చేయించాలా, కొత్త ఓమ్నీ (చుట్టూ ధ్వని పంచే) స్పీకర్లు కొనాలా?

జవాబు: ముందు ధ్వని పుట్టించే శంకువు కింది అంచు చూడండి. అక్కడి ఫోమ్ రింగు ముట్టుకోగానే పొడిలా రాలుతుంటే గరగరకు కారణం దాదాపు అదే. పట్టు తప్పిన శంకువు పక్కకు జరిగి, పైనున్న వాయిస్ కాయిల్ (శంకువును కదిలించే తీగ చుట్ట) అయస్కాంతం సందులో రాసుకుంటుంది. 30 హెర్ట్జ్ టోన్‌ను బాగా తక్కువ వాల్యూమ్‌లో పెట్టి వినండి. గీరుతున్న చప్పుడు వస్తే ఇక వాయించకండి, కాయిల్ తెగుతుంది. మామూలు స్పీకర్లలా శంకువును వేలితో నొక్కి చూడొద్దు. పైభాగం పల్చటి టైటానియం, దాని కింద అల్యూమినియం, చివర కాగితం. లోహానికి సొట్ట పడితే మళ్లీ సరికాదు.

లింకన్ వాల్ష్‌కు 1969లో పేటెంట్ వచ్చిన ఈ డిజైన్ కిటుకు ఆ శంకువు వాలులోనే ఉంది. కాయిల్ పుట్టించిన అల శంకువు గోడ వెంట గాల్లో ధ్వని కంటే వేగంగా కిందికి దిగుతుంది. పైన పుట్టిన ధ్వని గాల్లో పక్కకు వచ్చేసరికి గోడ మీది అల కింది అంచుకు చేరుతుంది. దాంతో చుట్టూ ఒకే స్తంభంలా ధ్వని వెలువడుతుంది. ఎంత అందమైన ఆలోచన! అందుకే కింది రింగు పని శంకువును పట్టి ఉంచడమే కాదు, చివరికొచ్చిన అలను మింగేయడం కూడా. గట్టి రబ్బరు రింగు వేస్తే అల వెనక్కి తిరిగి ధ్వనిని చెడగొడుతుంది. మెత్తటి ఫోమే వేయించండి, ఆరాక సాగే జిగురు వాడమనండి, ఒక రోజు ఆరనివ్వండి.

జర్మన్ ఫిజిక్స్ అనే కంపెనీ డీడీడీ డ్రైవర్‌ది (ధ్వని పుట్టించే భాగానిది) కూడా ఇదే బాట. కానీ బాస్ (లోతు ధ్వనుల) బరువు వేరే వూఫర్ మోస్తుంది, కాబట్టి శంకువు మీద ఒత్తిడి తక్కువ. ఎంబీఎల్ కంపెనీ ఓమ్నీ డ్రైవర్‌లో శంకువే లేదు. పుచ్చకాయ చారల్లా నిలబెట్టిన వంపు రేకులు ఉబ్బి, తగ్గుతాయి. చవక ఓమ్నీల్లో ఎక్కువ భాగం పైకి చూసే మామూలు డ్రైవర్, దాని ముందు ధ్వనిని చెదరగొట్టే శంకువు, అంతే. వీటి కోసం ఓమ్ ఎఫ్‌ను వదులుకోవద్దు. కాయిల్ బాగుంటే రింగు మార్పించండి. కాయిల్ కాలి ఉంటే మాత్రం ఖర్చు పెట్టకండి.

ఏది ఉంచుకున్నా వెనక గోడకు 40 సెం.మీ. దూరంలో పెడితే, గోడకు తగిలి వచ్చే ధ్వని 80 సెం.మీ. ఎక్కువ ప్రయాణించి సుమారు 215 హెర్ట్జ్ దగ్గర అసలు ధ్వనిని తినేస్తుంది. మగ గొంతులు పలచబడేది అక్కడే. మీటరు దూరం జరపండి, ధ్వని తగ్గే ఆ గుంట 86 హెర్ట్జ్‌కు దిగిపోతుంది.