పెట్టె కంటే ముందు గోడ

ప్రశ్న: మాది డల్లాస్. 1968 నాటి మస్టాంగ్ ఒకటి కొని రెండేళ్లుగా సొంతంగా బాగుచేసుకుంటున్నాను. ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో పావుమైలు పరుగులకు దింపాలని కోరిక. పాత ట్యాంకు తీసేసి డిక్కీలో 12 గ్యాలన్ల రేసింగ్ ఫ్యూయెల్ సెల్ పెట్టాలనుకుంటున్నాను. వాడినది ఒకటి చవగ్గా దొరికింది. డిక్కీ రేకుకు నాలుగు బోల్టులు బిగిస్తే చాలని అమ్మినాయన అంటున్నారు. మా ఆవిడ మాత్రం భయపడుతోంది. మీరేమంటారు?

జవాబు: మీ ఆవిడ పక్షమే నేను. నాలుగు బోల్టుల సంగతి తర్వాత చెబుతాను. మిగతా పాఠకుల కోసం ఒక మాట: ఇది హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయెల్ సెల్ కాదు, పెట్రోలు పెట్టె. అసలైనదైతే బయట రేకు డబ్బా, దాని లోపల గట్టి రబ్బరు సంచి, సంచి నిండా స్పాంజి ఉంటాయి. డబ్బా సొట్టపోయినా సంచి వంగుతుందే తప్ప పగలదు. స్పాంజి వల్ల పెట్రోలు అటూ ఇటూ పొర్లదు, మంట ఒక్కసారిగా అంటుకోదు. 1964 మే 24న షార్లెట్‌ కారు పందెంలో ఫైర్‌బాల్ రాబర్ట్స్ అనే డ్రైవరు మంటల్లో చిక్కుకుని జూలైలో చనిపోయారు. ఆ ప్రమాదం జరిగిన ఆరు రోజులకే ఇండియానాపోలిస్ పందెం రెండో ల్యాపులో ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ కాలిపోయారు. రేసు కార్లకు ఈ సంచి ట్యాంకులు అలవాటైంది ఆ చావుల తర్వాతే. బజారులో ఇదే పేరుతో సంచి లేని ఉత్త ప్లాస్టిక్ డబ్బాలు కూడా అమ్ముతారు. మీకు దొరికింది ఏదో ముందు మూత విప్పి చూడండి.

చూసేటప్పుడు స్పాంజిని వేళ్ల మధ్య నలపండి. నిల్వ రస్కులా పొడిపొడిగా రాలితే ఆ సరుకు వద్దు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మిషిగన్‌లో నా మొదటి కారుకు ఇలాగే పాత సెల్ కొన్నాను. మూడో పరుగుకు వెళ్లి గీత దగ్గర నిలబడగానే ఇంజను దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు విప్పితే పసుపుపచ్చ నలుసులు, తడిసిన పసుపు పొడిలా. మనం బంకులో పోయించుకునే పెట్రోలులో పదో వంతు ఇథనాలే, స్పాంజిని అది నెమ్మదిగా తినేస్తుంది. అంతర్జాతీయ కారు పందేల సంస్థ ఎఫ్‌ఐఏ ముద్ర ఉన్న సంచులకైతే తయారైన తేదీ నుంచి 5 ఏళ్లే గడువు. తయారీదారు పరీక్షించి ఒప్పుకుంటే ఇంకో 2 ఏళ్లు. ముద్ర మీద తేదీ చదివాకే బేరమాడండి.

ఇక గోడ, అంటే డిక్కీకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య అడ్డు. చాలామంది సెల్‌కు వేలు పోస్తారు, గోడకు వంద పెట్టరు. మీ మస్టాంగ్‌లో పాత ట్యాంకు పై రేకే డిక్కీ నేల. డిక్కీకీ మీ వీపుకూ మధ్య ఉన్నది వెనక సీటు పరుపూ ఒక అట్టా మాత్రమే. పెట్టె ఎంత గొప్పదైనా అట్ట అట్టే. ఈ పావుమైలు పరుగుల (డ్రాగ్ రేసింగ్) సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం ప్రకారం అక్కడ ఇనుప రేకైతే 0.024 అంగుళాలు, అల్యూమినియమైతే 0.032 అంగుళాల మందం ఉన్న గోడ ఉండాలి. సీటు వెనక నిలువు భాగం మూసి, వెనక అద్దం కింద స్పీకర్లు పెట్టే అర వదిలేస్తారు కొందరు. దాన్నీ మూయాలి. వైర్లు దూరే చిల్లులకు రబ్బరు బుష్‌లు వేసి, అంచులకు మంటకు ఆగే సీలెంటు పట్టించండి.

పని అయ్యాక ఒక పరీక్ష చేయండి. రాత్రి పూట డిక్కీలో మంచి టార్చిలైటు వెలిగించి మూత వేయండి. గ్యారేజీలో దీపం ఆర్పి కారులో కూర్చుని వెనక్కి తిరిగి చూడండి. వెలుతురు ఎక్కడ గీతలా కనబడితే అక్కడి నుంచి పెట్రోలు ఆవిరీ వస్తుంది, మంటా వస్తుంది. అంతా మూసేశాననుకున్న నాకు మొదటి రాత్రి పదకొండు చోట్ల కనబడింది.

బోల్టుల సంగతి. 12 గ్యాలన్లంటే దాదాపు 45 లీటర్లు, 33 కిలోల పైమాటే. కారు దేనికైనా గుద్దుకుంటే ఆ బరువు ఎన్నో రెట్లయి లాగుతుంది. డిక్కీ రేకుకు బిగించిన బోల్టు అప్పుడు చొక్కా గుండీలా రేకును చింపుకుని ఊడి వస్తుంది. పాత ట్యాంకు తీశాక మిగిలిన పెద్ద రంధ్రంలో, రెండు పక్కల ఉన్న ఛాసిస్ దూలాల మధ్య చదరపు ఇనుప గొట్టాలతో చట్రం వెల్డింగు చేయించండి. సెల్ ఆ చట్రంలో కూర్చోవాలి. పై నుంచి ఇనుప పట్టీలు రెండు వైపులా అడ్డంగా, నిలువుగా వచ్చి చట్రానికే బిగియాలి. పట్టీల కింద రబ్బరు ముక్క వేయండి, లేకపోతే ఒరుసుకుంటుంది.

సెల్‌లోకి గాలి వచ్చిపోయే గొట్టానికి, కారు బోల్తా పడితే మూసుకునే గోళీ వాల్వు ఉండాలి. గొట్టం సెల్ కంటే ఎత్తుకు వెళ్లి, మెలిక తిరిగి, కారు బయట నేల వైపు దిగాలి. సైలెన్సరు వైపు కాదు. మీది ప్లాస్టిక్ డబ్బా అయితే దాని నుంచి ఛాసిస్‌కు ఎర్త్ వైరు తప్పనిసరి. పంపు సెల్ అడుగు మట్టానికి, దానికి దగ్గరగా ఉంటే మంచిది. ఈ పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో సోమరులు. గుద్దుకోగానే పంపు కరెంటు ఆపే ఇనర్షియా స్విచ్చి మరవకండి. పెట్రోలు పైపు కారు లోపలి నుంచి తీసుకుపోవద్దు. బ్యాటరీని కూడా డిక్కీలోకి మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఇంకొకటి, మీరు అడగనిది. కారు పెట్టేది ఇంటిని ఆనుకున్న గ్యారేజీలోనా? అక్కడ గ్యాసు వాటర్ హీటరు ఉందా? విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసిన మా నాన్నగారు పెట్రోలు ఎగరదురా, పాకుతుంది అనేవారు. దాని ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేల వెంట జరిగి ఆ హీటరులో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంటను చేరుతుంది. పరుగులు అయ్యాక సెల్ ఖాళీ చేసి కారును బయటి షెడ్డులో ఉంచండి. ఆవిడకు ఈ పేరా చూపించండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాను. రోజూ ఆఫీసుకు వెళ్లే నా 2015 సెడాన్‌లో కూడా ఫ్యూయెల్ సెల్ పెట్టిస్తే కంపెనీ ట్యాంకు కంటే భద్రమే కదా?

జవాబు: కాదు. ఇప్పటి చాలా కార్లలో ట్యాంకు వెనక సీటు కింద, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే నలిగేది డిక్కీ. పెట్రోలును మీరే తీసుకెళ్లి ఆ నలిగే చోట పెడతారా? పైగా ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, దాని గొట్టాలు పీకేయాల్సి వస్తుంది. రోడ్డు మీద తిరిగే కారుకు ఆ పని ఫెడరల్ చట్టం ఒప్పదు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి.