కారు బ్యాటరీ నుంచి లైన్‌లోకి కరెంటు: అమ్మాయిని ఈ దారిలో పంపొచ్చా?

ప్రశ్న: నేను లైన్‌మన్‌ని. మా అమ్మాయి బీటెక్ ఈఈఈ మూడో ఏడాది. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల నుంచి కరెంటు తిరిగి గ్రిడ్‌కి పంపే రంగంలోకి వెళ్తానంటోంది. అలా వెనక నుంచి సప్లై వస్తే మాలాంటోళ్ల ప్రాణాలు ఏం కావాలి? ఇది నమ్ముకోదగ్గ దారేనా, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: మీ భయం సరైనదే. ఆ భయాన్ని తీర్చడమే ఈ రంగంలో పెద్ద ఉద్యోగం.

ఎల్‌సీ (లైన్‌లో సప్లై ఆపించే లైన్ క్లియర్) తీసుకుని స్తంభం ఎక్కాక ఎవరింటి జనరేటర్ నుంచో రిటర్న్ సప్లై వస్తే ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. కరెంటు వెనక్కి పంపే ఛార్జర్ ఆ తప్పు చేయకూడదు. లైన్‌లో సప్లై పోయిందని పసిగట్టి తనంతట తానే ఆగిపోవాలి. దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. మేడ మీద సోలార్ పెట్టుకున్నవాళ్లు ‘ఎండ మండిపోతుంటే మా సోలార్ ఎందుకు ఆగింది’ అని మీకు ఫోన్ చేసే ఉంటారు. కారణం ఇదే. (అయినా ఎర్త్ వేయకుండా తీగ ముట్టుకోకండి. ఆ నియమం ఏ యంత్రం వచ్చినా మారదు.)

అసలు కార్ల దాకా ఎందుకంటారా? మధ్యాహ్నం సోలార్ దండిగా ఉంటుంది, రాత్రి ఏడింటికి అందరూ స్విచ్‌లు వేసేసరికి ఉండదు. కారేమో రోజులో ఎక్కువసేపు ఊరికే నిలబడి ఉంటుంది. పెద్ద బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీలో 45 యూనిట్లు పడతాయి. రోజుకి 8 యూనిట్లు కాల్చే ఇంటికి అయిదు రోజుల కరెంటది. ఇలా ఆగి ఉన్న కార్ల బ్యాటరీలు గ్రిడ్‌కి పనికొస్తాయని అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీ ఆచార్యుడు విల్లెట్ కెంప్టన్ 1997లోనే లెక్క వేశారు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో అద్దె కార్లతో ఇప్పుడు చేసి చూపిస్తున్నారు. మన నెక్సాన్ మాత్రం మిక్సీ, ఫ్యాన్ నడపగలదు గానీ గ్రిడ్‌కి పంపదు. అంటే మన దగ్గర ఇది ఇంకా ప్రయోగాల దశే.

అందుకే ‘వెహికల్ టు గ్రిడ్’ (కారు నుంచి గ్రిడ్‌కి) అనే ఈ ఒక్క పేరు పట్టుకుని ఉద్యోగం వెతికితే నిరాశే. పట్టుకోవాల్సింది పవర్ ఎలక్ట్రానిక్స్‌ని, అంటే కరెంటు రూపాన్ని మార్చి అదుపు చేసే విద్యని. ఇంట్లో ఇన్వర్టర్ కరెంటు పోయినప్పుడు ఇంటికి మాత్రమే ఇస్తుంది. కారు కరెంటు మాత్రం నడుస్తున్న లైన్‌తో 50 హెర్ట్జ్ దగ్గర అడుగులో అడుగు వేయాలి. ఆ జత కుదిర్చే విద్య వచ్చినవాళ్లు సోలార్ ఇన్వర్టర్లు, ఛార్జర్లు, బ్యాటరీ స్టోరేజ్ కంపెనీల్లో ఎక్కడైనా బతకగలరు. గేట్ రాసి ఎంటెక్ చేస్తే ఇంకా మంచిది. డిస్కమ్‌ల ఏఈ పోస్టులకీ ఈ ఈఈఈ బీటెక్కే పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ వద్దనను. ఛార్జర్‌లోని చిప్‌కి ప్రోగ్రాం ఎక్కువగా సీ లాంగ్వేజ్‌లోనే రాస్తారు, అది నేర్చుకోమనండి. అంతేగానీ ఈఈఈ వదిలేయొద్దు. ‘ఈవీ సర్టిఫికెట్’ అంటూ వేలకి వేలు గుంజే కోర్సుల జోలికీ వెళ్లొద్దు. ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఐఐటీ పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. ప్రాజెక్టు ముందు సిమ్యులింక్‌లో (కంప్యూటర్‌లోనే సర్క్యూట్ నడిపి చూసే సాఫ్ట్‌వేర్), తర్వాత లెక్చరర్ ఎదుట ల్యాబ్‌లో చేయాలి. ఇంటి ప్లగ్గు మీద ప్రయోగాలు మాత్రం వద్దే వద్దు.

ఈ రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మాయిని రెండు అడగండి. సప్లై పోయాక ఛార్జర్ ఎంతసేపట్లో ఆగాలి? రెండు సెకన్లలోపు అని చెబుతుంది. మరి ఆ క్షణంలో వీధి లోడూ, కార్లు ఇచ్చే కరెంటూ సరిగ్గా సమానమైతే సప్లై పోయిందని ఛార్జర్‌కి ఎలా తెలుస్తుంది? ఇక్కడ తడుముకుంటే ఏం పర్లేదు, ప్రాజెక్టు దాని మీదే చేయమనండి.