ఐదు పరీక్షల్లోనూ లేదనే వచ్చింది, అయినా భయం పోవడం లేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 31 ఏళ్ళు. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తుంటాను. తొమ్మిది నెలల క్రితం మా పాప పుట్టువెంట్రుకలు తీయించడానికి మొక్కు ఉన్న గుడికి వెళ్ళినప్పుడు నేనూ గుండు చేయించుకున్నాను. చెవి వెనక కత్తి తెగి రక్తం వచ్చింది. నా కంటే ముందు కూర్చున్న మనిషికి వాడిన బ్లేడు మార్చారో లేదో చూడలేదు. ఆ రాత్రి నుంచి హెచ్‌ఐవి భయం పట్టుకుంది. మూడు వారాలకు, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, మొన్న మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించుకుంటే అన్నిసార్లూ నెగెటివ్ వచ్చింది. కానీ మెడలో బిళ్ళలు తగులుతున్నాయి, నాలుక మీద తెల్లటి పూత కనిపిస్తోంది. నా గ్లాసు, తువ్వాలు వేరుగా పెట్టుకున్నాను. పాప తాను కొరికిన బిస్కెట్ నా నోట్లో పెట్టబోతే ముఖం తిప్పుకుంటున్నాను. నా భార్యకు ఏం చెప్పాలో తెలియడం లేదు. పరీక్షకు దొరకని రకం ఏదైనా ఉంటుందా? కొన్నేళ్ళ తర్వాత బయటపడుతుందా? హైదరాబాద్ వెళ్ళి ఇంకోసారి చేయించుకోమంటారా?
పేరు వద్దన్న పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మీకు హెచ్‌ఐవి లేదు, ఆరో పరీక్ష అవసరం కూడా లేదు.

పరీక్షల సంగతి ముందు చూద్దాం. వైరస్ భాగాన్నీ, దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలనూ కలిపి చూసే నాల్గవ తరం పరీక్షను ల్యాబులో చేయిస్తే 45 రోజులకు ఫలితం ఖరారవుతుంది. యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్ష అయితే 90 రోజులు ఆగాలి. మీరు ఆ రెండు గడువులూ దాటిన తర్వాత కూడా పరీక్షలు చేయించుకున్నారు. హెచ్‌ఐవిలో ఒకటి, రెండు అని రెండు రకాలున్న మాట నిజమే గానీ, ఇక్కడ వాడే కిట్లు ఆ రెండింటినీ పట్టుకుంటాయి. కొన్నేళ్ళ తర్వాత బయటపడుతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. మందులు వాడని మనిషిలో వైరస్ ప్రవేశించాక జబ్బు ముదిరి ఎయిడ్స్ దశకు రావడానికి ఎనిమిది పదేళ్ళు పట్టవచ్చు. ఊళ్ళలో 'పదేళ్ళకు బయటపడుతుంది' అని చెప్పుకునేది ఆ జబ్బు లక్షణాల గురించి. రక్తపరీక్ష అన్నేళ్ళు ఆగదు, దానికి మూడు నెలలు చాలు.

ఇక ఆ కత్తి విషయం. హెచ్‌ఐవి రక్తం, వీర్యం, యోనిస్రావాలు, మలద్వారపు స్రావాలు, తల్లిపాల ద్వారా మాత్రమే సోకుతుంది. అది కూడా తగినంత వైరస్ సజీవంగా మరొకరి రక్తంలోకో లోపలి సున్నితమైన పొరల్లోకో చేరినప్పుడే. శరీరం బయట ఆరిపోతున్న రక్తంలో అది త్వరగా బలహీనపడుతుంది. పోల్చుకోవడానికి ఒక లెక్క చెబుతాను: హెచ్‌ఐవి ఉన్న రోగి రక్తం తీసిన సూది, అంటే లోపల రక్తం నిండి ఉండే బోలు సూది, ఆసుపత్రి సిబ్బందికి లోతుగా గుచ్చుకున్నా, అలాంటి వెయ్యి సంఘటనల్లో సుమారు మూడింటిలోనే వైరస్ సోకుతుందని లెక్కగట్టారు. నీళ్ళలో ముంచుతూ వాడే బ్లేడు అంచున అంత రక్తం నిలవదు. అయితే ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వాడాలని అడగడం మాత్రం న్యాయమే. రక్తం ద్వారా కూడా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ బయట ఏడు రోజుల దాకా బతికి ఉండగలదు, దానికి టీకా ఉంది, మీరు వేయించుకోకపోతే వేయించుకోండి.

మీ పాప సంగతి చదివి నాకు బాధ కలిగింది. ఎంగిలి బిస్కెట్, ముద్దు, ఒకే కంచం, ఒకే తువ్వాలు, దోమకాటు, వీటివల్ల హెచ్‌ఐవి రాదు. ఒకవేళ మీకు నిజంగా ఆ వైరస్ ఉన్నా, పాప పెట్టిన బిస్కెట్ తినడానికి ఏ అడ్డూ లేదు. హెచ్‌ఐవిని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్ కనిపించనంతగా అణిగి ఉన్నవారి నుంచి లైంగికంగా కూడా అది భాగస్వామికి సోకదు. అలాంటి ఎందరో మన మధ్యే పెళ్ళాంపిల్లలతో ఒకే ఇంట్లో కలిసి తింటూ బతుకుతున్నారు.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఇలాంటి ఉత్తరాలు రాసేవారిలో కొందరికి బ్లేడు వెనక చెప్పుకోలేని సంగతి ఇంకొకటి ఉంటుంది, ఎప్పుడో జరిగిన ఒక కలయిక, దాని తాలూకు అపరాధభావం. మీకు అలాంటిదేమీ లేకపోవచ్చు. ఉన్నా అది మూడు నెలల కంటే ముందుదైతే మొన్నటి పరీక్ష దానికి కూడా జవాబు చెప్పేసింది. ఇకముందు ఎప్పుడైనా నిజమైన ప్రమాదం జరిగితే 72 గంటల్లోపు, వీలైతే కొన్ని గంటల్లోనే, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. 28 రోజులు వాడే నివారణ మందులు ఉన్నాయి.

మీరు పడుతున్న బాధ మాత్రం ఉత్తిది కాదు. దీన్ని ఆరోగ్య ఆందోళన అంటాం. రోజుకు ఇరవైసార్లు మెడను నొక్కి చూసుకుంటే మామూలు బిళ్ళలు కూడా నొప్పి పెడతాయి. నాలుకను ఫోన్ లైటు వేసి రోజూ చూస్తే పూత కనిపించని మనిషి ఉండడు. పరీక్ష నెగెటివ్ రాగానే రెండు మూడు రోజులు ఊపిరి ఆడుతుంది, తర్వాత 'ల్యాబు వాళ్ళు శీసాలు మార్చి ఉంటే?' అనే అనుమానం మొదలవుతుంది. ఊరట దొరికిన ప్రతిసారీ మనసు మళ్ళీ ఊరట కోసమే వెతకడం నేర్చుకుంటుంది. నిజం చెప్పాలంటే నా ఈ జవాబు కూడా మీకు కొద్ది రోజులే పనిచేస్తుంది, అందుకే ఇదొక్కటే చాలదంటున్నాను.

ఇవాళ్టి నుంచి మెడ తడుముకోవడం, అద్దంలో నాలుక చూడడం, ఫోన్‌లో లక్షణాలు వెతకడం ఆపడం మొదలుపెట్టండి. ఒక్కసారిగా సాధ్యం కాదు. తడుముకోవాలనిపించగానే అరగంట వాయిదా వేయండి, ఆ అరగంటలో భయం పెరిగి మళ్ళీ దానంతట అదే తగ్గడం గమనించండి. గ్లాసు, తువ్వాలు తిరిగి అందరివాటితో కలిపేయండి. అప్పుడు గుండె దడదడలాడుతుంది, ఆడనివ్వండి. ఈ పద్ధతిని నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ సమస్యకు బాగా పనిచేస్తుంది. అవసరమైతే మానసిక వైద్యులు మందులు ఇస్తారు. వాటి గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో మానేయకండి. మీ వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రి భయం ముంచుకొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ భార్యతో దాచకండి. తొమ్మిది నెలలుగా మీరు ఎందుకు దూరం జరుగుతున్నారో తెలియక ఆమె ఏమేం ఊహించుకుంటున్నారో ఆలోచించండి. మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్ళండి. అక్కడ మాటలు రాకపోతే మాకు రాసిన ఈ ఉత్తరాన్నే డాక్టరు చేతికి ఇవ్వండి.