మైళ్లు ఎవరి ఖాతాలో పడాలి, ఎప్పుడు ఖర్చు పెట్టాలి?

విమానప్రయాణాల మైళ్లు (విమానసంస్థలు తమ పథకంలోని సభ్యులకు ప్రయాణానికి బదులుగా ఇచ్చేవి, తర్వాత టికెట్లకు వాడుకునేవి), కార్డుల పాయింట్ల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. రెండేళ్లకోసారి మేమిద్దరం వెళ్లి నాలుగైదు నెలలుండి వస్తాం. టికెట్లు అబ్బాయే కొంటాడు కాబట్టి మైళ్లు వాడికే వస్తాయనుకున్నాం. వాడేమో తనకు రాలేదంటున్నాడు. మరి అవి ఎటు పోతున్నట్టు?
— విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు, తెనాలి

జవాబు: ఎటూ పోవడం లేదండీ, అసలు పుట్టడమే లేదు. మైళ్లు టికెట్ కొన్నవారికి కాదు, సీట్లో కూర్చుని ప్రయాణించినవారికి వస్తాయి. మైళ్ల పథకంలో మీకు సభ్యత్వ సంఖ్య లేకపోతే విమానసంస్థ వాటిని ఎవరి ఖాతాలోనూ వేయదు. అబ్బాయికి వచ్చేది తన క్రెడిట్ కార్డు పాయింట్లు మాత్రమే. అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తల్లిదండ్రులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంతమంది ఉండగా, వారిలో చాలామంది ఇలా ఊరికే వదులుకుంటున్నారంటే బాధగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లి రావడమంటే పదిహేడు వేల మైళ్లకు తక్కువ కాదు.

ఇద్దరూ విడివిడిగా సభ్యత్వం తీసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు. కావలసినవి పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్. ఆ సంఖ్యను టికెట్ కొనేటప్పుడే ఇవ్వండి. మరిచిపోతే తర్వాత పీఎన్‌ఆర్ తెరిచి చేర్చవచ్చు, లేదా చెక్-ఇన్ కౌంటర్‌లో చెప్పవచ్చు. బోర్డింగ్ పాస్ చేతికి రాగానే దాని మీద మీ సంఖ్య అచ్చయిందో లేదో చూడండి. లేకపోతే అక్కడే అడిగి వేయించుకోండి. ఇల్లు చేరాక చేసుకోవడం కన్నా అదే సులువు.

ఏ సంస్థలో చేరాలన్నది మీ దారిని బట్టి ఉంటుంది. డాలస్‌కు దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్‌లో, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో వెళ్లవచ్చు. ఈ రెండూ, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా, వన్‌వరల్డ్ కూటమిలోవే. కూటమి అంటే ఒకరి విమానంలో వెళ్లినా మైళ్లు మరొకరి ఖాతాలో వేసుకోనిచ్చే సంస్థల జట్టు. ఖతార్, బ్రిటిష్ రెండింటిలోనూ పాయింట్ల పేరు ఏవియోస్. రెండు ఖాతాలనూ జోడించుకుంటే ఇక్కడివి అక్కడికి మార్చుకోవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలో వెళ్తే అది స్టార్ అలయన్స్ అనే మరో కూటమి. ఎయిర్ ఇండియా, సింగపూర్, యునైటెడ్ అందులోవే. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, దాని మైళ్లు ఎక్కువగా దానికే పనికొస్తాయి. టికెట్ ఎప్పుడు ఎందులో చవకైతే అందులో వెళ్లండి, కాదనం. కానీ ప్రతిసారీ కొత్త కూటమైతే నాలుగు ఖాతాల్లో నాలుగు చిల్లర మొత్తాలు మిగులుతాయి. దేనితోనూ టికెట్ రాదు. ధరలో తేడా స్వల్పంగా ఉన్నప్పుడు పాత కూటమినే పట్టుకోండి. బ్రిటిష్, ఖతార్, ఎమిరేట్స్ మూడింటిలోనూ కుటుంబసభ్యుల మైళ్లను ఒకచోట కలుపుకునే ఏర్పాటుంది, అది మొదటి ప్రయాణానికి ముందే పెట్టుకోవాలి.

క్రితంసారి ప్రయాణం జరిగి కొన్ని నెలలే అయితే ఆశ వదులుకోవద్దు. సభ్యులు కాకముందు చేసిన ప్రయాణాన్ని కూడా కొన్ని పథకాలు కొద్ది నెలల వరకు ఒప్పుకుంటాయి. వెబ్‌సైట్‌లో మైళ్లు జమకాలేదన్న దరఖాస్తు ఉంటుంది. దానికి 13 అంకెల ఈ-టికెట్ సంఖ్య కావాలి. మొదటి మూడంకెలు టికెట్ ఇచ్చిన సంస్థను చెబుతాయి: ఎయిర్ ఇండియాకు 098, ఖతార్‌కు 157, ఎమిరేట్స్‌కు 176, బ్రిటిష్‌కు 125. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ దీనికి సరిపోదు. బోర్డింగ్ పాస్ ఫొటో కూడా అడగవచ్చు. అందుకే మైళ్లు ఖాతాలో కనిపించేదాకా ఆ చీటీ పారేయవద్దు.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. రెండుసార్లు మైళ్లు జమ కాలేదు. సంబంధం ఉందా?
— ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఉంది. టికెట్ మీది పేరు, ఖాతాలోని పేరు కంప్యూటర్ పోల్చి చూస్తుంది. కుదరకపోతే మైళ్లు ఆగిపోతాయి. మన పేర్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనుక. బ్యాంకులో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. వెంకట సత్యనారాయణ అన్న పేరు టికెట్ మీద ఖాళీ లేకుండా ఒకే మాటగా అచ్చవుతుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, సొంతపేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంతపేరు తెలియదు) అని పడుతుంది. ఆ వీసా చూసి టికెట్ తీసినవారు ఒక రకంగా, పాస్‌పోర్టు చూసి తీసినవారు మరో రకంగా రాస్తారు.

ఖాతా తెరిచేటప్పుడు పాస్‌పోర్టులోని గడులను అదే వరుసలో దించేయండి, ఇంట్లో పిలిచే పేరు గానీ, ఫేస్‌బుక్ పేరు గానీ వద్దు. ఇప్పటికే తప్పుగా ఉంటే పాస్‌పోర్టు మొదటి పేజీ స్కాన్ పంపి సరిచేయించుకోండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవారు కొత్త పాస్‌పోర్టు రాగానే ఖాతాలోనూ మార్పించాలి. రెండో ఖాతా తెరవకండి. ఒక మనిషికి రెండు ఖాతాలుండటం నియమాలకు విరుద్ధం. తర్వాత రెండూ కలపడం పెద్ద పని.

ప్రశ్న: ఒకే విమానం, ఒకే వరుస. నా స్నేహితుడికి నాకన్నా నాలుగు రెట్లు మైళ్లు వచ్చాయి. ఇద్దరివీ ఎకానమీ టికెట్లే. ఇదెలా?
— బీమా ఉద్యోగి, వరంగల్

జవాబు: ఎకానమీ అన్నది సీటు పేరు. మైళ్లను నిర్ణయించేది బుకింగ్ క్లాస్ అనే ఒక్క అక్షరం. ఈ-టికెట్‌లో విమాన సంఖ్య పక్కన వై, ఎమ్, క్యూ, ఎల్ వంటి అక్షరం ఉంటుంది. వై సాధారణంగా పూర్తి ధర ఎకానమీ. కింది అక్షరాలు తగ్గింపు ధరలవి. విమానం ఒక సంస్థది, మీ సభ్యత్వం దాని భాగస్వామిలో అయితే వై టికెట్‌కు దూరంలో నూటికి నూరు శాతం, బాగా చవక అక్షరానికి 25 శాతం రావచ్చు, అసలేమీ రాకపోవచ్చు కూడా. మీకు, మీ స్నేహితుడికి వచ్చిన తేడా ఇదే అయి ఉండాలి. ఏ అక్షరానికి ఎంతన్న పట్టిక మీరు సభ్యులైన సంస్థ వెబ్‌సైట్‌లో, ప్రతి భాగస్వామికీ విడిగా ఉంటుంది. ఒక సంస్థలో క్యూకు వచ్చింది మరో సంస్థలో క్యూకు రాదు. డబ్బు కట్టకముందే చూడాలి.

ఇంకొకటి. విమానం ఎవరిదైతే మైళ్లు వారి దగ్గరే వేసుకోవాలని లేదు, అదే కూటమిలోని ఏదో ఒక ఖాతాలో వేసుకోవచ్చు. ఎయిర్ ఇండియా 2024 ఏప్రిల్ నుంచి తన విమానాల్లో దూరాన్ని వదిలి, పెట్టిన డబ్బును బట్టి పాయింట్లు ఇస్తోంది. దాని పథకం పేరు ఇప్పుడు మహారాజా క్లబ్. అదే ప్రయాణాన్ని దూరాన్ని లెక్కించే భాగస్వామి ఖాతాలో వేస్తే మరో అంకె వస్తుంది. దగ్గరి ఊరికి ఖరీదైన టికెట్ కొన్నప్పుడు డబ్బు లెక్క లాభం. దూరదేశానికి చవగ్గా దొరికినప్పుడు, అక్షరం అనుకూలిస్తే, దూరం లెక్క లాభం. ఒక ప్రయాణానికి ఒక ఖాతాయే, రెండుచోట్లా వేసుకోలేరు.

ప్రశ్న: 44 వేల మైళ్లున్నాయి. టికెట్ తీసుకోనా, షాపింగ్ వోచర్లు తీసుకోనా?
— గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మైలు విలువ కట్టి చూడండి. ఉదాహరణకు మీకు కావలసిన టికెట్ డబ్బిచ్చి కొంటే 68,000 రూపాయలనుకుందాం. మైళ్లతో తీస్తే 42,000 మైళ్లు, పన్నులకు 11,000 రూపాయలు. 68,000 లోంచి 11,000 తీసేస్తే 57,000. దాన్ని 42,000తో భాగిస్తే మైలుకు సుమారు రూపాయి 36 పైసలు. మైళ్లతో తీసిన టికెట్‌కు మళ్లీ మైళ్లు రావు. డబ్బిచ్చి కొంటే మరో 2,000 వచ్చేవనుకుంటే 44,000తో భాగించాలి, అప్పుడు సుమారు రూపాయి 30 పైసలు. వోచర్లలో సాధారణంగా ఇందులో సగం కూడా గిట్టదు. మిక్సీలు, సూట్‌కేసుల జాబితాలైతే ఇంకా నష్టం. కాబట్టి టికెటే.

అయితే పన్నుల గడి జాగ్రత్తగా చదవాలి. విమానాశ్రయ రుసుములు ఎవరూ తప్పించలేరు. వాటితోపాటు సంస్థే వేసుకునే ఇంధన సర్‌చార్జి ఒకటి ఉంటుంది, టికెట్ వివరాల్లో ‘వైక్యూ’ లేదా ‘వైఆర్’ అని కనిపిస్తుంది. బ్రిటిష్, లుఫ్తాన్సా విమానాల్లో ఇది ఒక్కోసారి మైళ్ల లాభాన్నంతా మింగేస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2017లో తన విమానాల అవార్డు టికెట్లపై, అంటే మైళ్లతో తీసే టికెట్లపై, దీన్ని ఎత్తేసింది. ఎయిర్ కెనడా 2020 చివర్లో పథకాన్ని మార్చినప్పటి నుంచి ఈ సర్‌చార్జి వేయడం లేదు. ఒకే విమానంలో ఒకే సీటును ఒక సంస్థ మైళ్లతో తీస్తే భారీ సర్‌చార్జి, మరో సంస్థ మైళ్లతో తీస్తే లేకపోవడం మామూలే. అందుకే మైళ్ల సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించకూడదు.

ప్రశ్న: పాయింట్ల కోసం ఖర్చులన్నీ క్రెడిట్ కార్డుతోనే పెడితే లాభమా?
— చిరువ్యాపారి, నెల్లూరు

జవాబు: నెలనెలా బిల్లు మొత్తం గడువులోగా కట్టేవారికి మాత్రమే. వంద రూపాయలకు రెండు పాయింట్లు, రెండు పాయింట్లకు ఒక మైలు ఇచ్చే కార్డు అనుకుందాం. లక్ష ఖర్చుకు వెయ్యి మైళ్లు, అంటే పైన వేసిన లెక్కలో 1,300 రూపాయలు. అదే లక్ష ఒక నెల మోస్తే, నెలకు 3.5 శాతం వడ్డీ 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630, మొత్తం 4,130 రూపాయలు. బిల్లులో చూపే కనీస మొత్తం (‘మినిమమ్ డ్యూ’) మాత్రమే కట్టినా వడ్డీ తప్పదు, పైగా కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా పోతుంది.

ఇంటద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, పెట్రోలు, ప్రభుత్వ చెల్లింపులు, బీమా ప్రీమియం వంటివాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు, లేదా నెలకు ఇంతేనని పరిమితి పెడతాయి. కార్డు తీసుకునే ముందు మీ పెద్ద ఖర్చులు ఆ మినహాయింపుల జాబితాలో ఉన్నాయేమో చూడండి. ఇక కార్డు పాయింట్లను మైళ్లుగా మార్చాక వెనక్కి తేలేరు. మొదట సీటు ఉందని చూసుకుని, తర్వాతే మార్చండి. కొన్ని బ్యాంకుల మార్పిడి వెంటనే జరుగుతుంది, కొన్నింటికి రోజులు పడుతుంది. ఈలోగా సీటు పోవచ్చు. అందుకని రెండు మూడు తేదీలు అనుకూలంగా ఉండేలా చూసుకోవాలి.

ప్రశ్న: మైళ్లున్నాయి కానీ సంక్రాంతికి గానీ వేసవికి గానీ సీటే కనిపించదు. నలుగురం రావాలి.
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, న్యూజెర్సీ

జవాబు: విమానంలో సీట్లు ఖాళీగా ఉన్నా అవార్డు కింద విడుదల చేసేవి కొన్నే. భాగస్వాముల సభ్యులకు ఇచ్చేవి ఇంకా తక్కువ. చాలా సంస్థలు ప్రయాణానికి దాదాపు 11 నెలల ముందు సీట్లు తెరుస్తాయి, సింగపూర్ అయితే 355 రోజుల ముందు. అప్పుడొకసారి, అమ్ముడుపోని సీట్లు వదిలే చివరి రెండు మూడు వారాల్లో మరొకసారి దొరికే అవకాశం ఎక్కువ. పిల్లల బడులున్నవారు రెండోదాన్ని నమ్ముకోలేరు కాబట్టి మొదటి రోజుకే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

నలుగురికి కలిపి వెతికితే మూడు సీట్లున్నా ‘లేవు’ అనే చూపిస్తుంది. ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతకండి. ఇద్దరు ఒకరోజు, ఇద్దరు మర్నాడు వచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇద్దరికి మైళ్లు, ఇద్దరికి డబ్బు పెట్టి ఒకే విమానం ఎక్కవచ్చు. రాకను, పోకను వేర్వేరు ఒకవైపు టికెట్లుగా చూడండి. జూన్‌లో ఇటు, ఆగస్టులో అటు, డిసెంబరులో ఇటు, జనవరిలో అటు విపరీతమైన ఒత్తిడి. ఆ రెండు వైపుల్లో ఒకటైనా మైళ్లతో దొరికితే మంచి బేరమే.

అవార్డు టికెట్ న్యూయార్క్ నుంచి ఢిల్లీ వరకే దొరికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు విడిగా కొంటే ఒక ప్రమాదముంది. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత లేదు, సామాను కూడా ఢిల్లీలో తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది. కనీసం ఐదారు గంటల వ్యవధి పెట్టండి. చంటిపిల్లలుంటే రాత్రి అక్కడే ఆగండి.

ప్రశ్న: దుబాయ్‌లో పనిచేస్తున్నాను. ఎప్పుడో కూడిన మైళ్లు మాయమయ్యాయి.
— వలస కార్మికుడు, జగిత్యాల

జవాబు: గడువు దాటి ఉంటాయి. ఎమిరేట్స్ మైళ్లు మూడేళ్లకు, మీరు పుట్టిన నెల చివరన రద్దవుతాయి. సింగపూర్‌వి కూడా మూడేళ్లే, మధ్యలో ఎన్నిసార్లు ఎగిరినా పాతవాటి గడువు పెరగదు. ఏవియోస్ అలా కాదు: 36 నెలల్లో ఒక్కసారైనా కూడినా, వాడినా బతికే ఉంటాయి. అమెరికన్‌కు అదే గడువు 24 నెలలు. యునైటెడ్, డెల్టా మైళ్లకు గడువు లేదు. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చేవారికి మూడేళ్ల గడువు చాలా ఇరుకు. టికెట్‌కు సరిపడా లేకపోయినా, ఎమిరేట్స్‌లో డబ్బుతో కొనే టికెట్ ధరలో కొంత భాగం మైళ్లతో కట్టవచ్చు. మీకు అదే మంచిది.

ప్రశ్న: ‘మీ పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయి’ అని లింకుతో మెసేజ్ వచ్చింది. నిజమేనా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: నొక్కకండి. నిజమైతే మీరు స్వయంగా యాప్ తెరిచినా అదే కనబడుతుంది. ఇలాంటి లింకులు కార్డు వివరాలు, ఓటీపీ అడుగుతాయి, లేదా ఫోన్‌లో ఒక యాప్ వేయించి మెసేజ్‌లన్నీ చదివేస్తాయి. పాయింట్లు వాడటానికి కార్డు వెనకుండే మూడంకెలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇప్పటికే నొక్కి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఒక ఏజెంట్ నా మైళ్లు కొంటానంటున్నాడు. అమ్మవచ్చా?
— వ్యాపారి, విజయవాడ

జవాబు: వద్దు. దాదాపు అన్ని పథకాల్లోనూ మైళ్లు అమ్మడం నిషిద్ధం. ఆ ఏజెంట్ మీ మైళ్లతో ముక్కూమొహం తెలియనివారికి టికెట్ తీస్తాడు. సంస్థ కనిపెడితే ఆ ప్రయాణికుడి టికెట్ రద్దవుతుంది, మీ ఖాతా మూతపడుతుంది, మిగిలిన మైళ్లూ పోతాయి. పైగా లాగిన్ వివరాలు అతని చేతిలో ఉంటాయి. మీకు ప్రయాణం లేకపోతే ఆ మైళ్లతో చెల్లెలికో, మేనల్లుడికో మీరే టికెట్ తీసివ్వండి, అందుకు ఏ అభ్యంతరమూ లేదు. సింగపూర్ వంటి పథకాల్లో మాత్రం ఎవరికి తీస్తారో వారి పేర్లు ముందుగా నమోదు చేయాలి, అక్కడ ఐదుగురి వరకే వీలుంది.